తాతగారి నోటుపుస్తకం, మన ప్రాంగణం
(ఒక విశ్వవిద్యాలయ పత్రభాండాగార నిర్వాహకుల ప్రసంగ పాఠం)



ఉస్మానియా ప్రాంగణంలో పాత కాగితాల మధ్య పనిచేసే మాకు సభల్లో మాట్లాడే అలవాటు తక్కువ. అందుచేత మా వద్దకు వచ్చిన ఒక నోటుపుస్తకం సంగతి చెప్పి మొదలుపెడతాము.

ఇంజనీరింగు చదివే ఒక యువకుడు తన తాతగారి నోటుపుస్తకం తెచ్చాడు. అట్ట తెరవగానే తెలుగులో ఇంటి జమాఖర్చులు: బియ్యం, కిరోసిన్, పాలవాడి బాకీ. నాలుగు పేజీలు దాటితే అంతా ఉర్దూ. "ఇవి దుఆలా సార్? ఇంట్లో ఎవరికీ చదవడం రాదు. దాదీమా మాత్రం దీన్ని పవిత్రంగా గుడ్డలో చుట్టి దాచింది" అన్నాడు. మేము పుస్తకాన్ని తిరగవేసి కుడివైపు నుంచి తెరిచాము. మొదటి పేజీ అక్కడ ఉంది. అది దుఆ కాదు, రసాయనశాస్త్ర పాఠం. పరమాణువును జౌహర్ అని, ఉష్ణాన్ని హరారత్ అని వ్రాసుకున్న ఒక విద్యార్థి నోట్సు. తాను ఇంగ్లీషులో కుస్తీపడుతున్న పాఠాన్నే తాతగారు ఉర్దూలో చదువుకున్నారని తెలిసి ఆ అబ్బాయి చాలాసేపు మాట్లాడలేదు.

ఆ నోటుపుస్తకం వెనుక పెద్ద కథ ఉంది. అక్బర్ హైదరీ సమర్పించిన వినతిపత్రంపై ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ 1917లో ఫర్మానా జారీచేశారు. ఉన్నత విద్య దేశభాషలో జరగాలి, ఇంగ్లీషు ఒక తప్పనిసరి పాఠ్యవిషయంగా మాత్రమే ఉండాలి అన్నది దాని సారాంశం. బ్రిటిషు ఇండియాలో అప్పటికి ఏ విశ్వవిద్యాలయమూ చేయని సాహసమది. పాఠ్యగ్రంథాలు లేనిదే పాఠం లేదు గనుక, విశ్వవిద్యాలయం తలుపులు తెరవకముందే, అదే 1917లో, దారుల్ తర్జుమా అనే అనువాద సంస్థ పుట్టింది. మౌల్వీ అబ్దుల్ హఖ్ దానికి సారథ్యం వహించారు. కొత్త సాంకేతిక పదాలను ఏ సూత్రంపై కల్పించాలన్న విషయం మీద వహీదుద్దీన్ సలీం ఒక గ్రంథమే వ్రాశారు. 1919 ఆగస్టు 28న 225 మంది విద్యార్థులతో తరగతులు మొదలయ్యాయి, అదీ గన్‌ఫౌండ్రీ ప్రాంతంలో. నేడు మనందరం గుర్తుపట్టే ఆర్ట్స్ కళాశాల భవనానికి 1934 జులై 5న శంకుస్థాపన, 1939 డిసెంబరు 4న ప్రారంభోత్సవం జరిగాయి. జాస్పర్ అనే బెల్జియం వాస్తుశిల్పి రూపకల్పన అది. ఆ ముఖద్వారం ముందు ఫోటో దిగే పిల్లలు ఒక్కసారి లోపలి స్తంభాల వంక కూడా చూస్తే బాగుండును. పైన ఇస్లామీ కమానులు, కింద అజంతా ఎల్లోరాలను గుర్తుచేసే స్తంభాలు.

ఇక్కడ మన సభల్లో సాధారణంగా చప్పట్లు పడతాయి. క్షమించండి, కథ ఇంకా ఉంది.

నిజాం రాజ్యంలో అత్యధికుల మాతృభాష తెలుగు. తరువాత మరాఠీ, కన్నడం. ఉర్దూ ఈ నేలపై పుట్టిపెరిగిన భాషే, కాని పల్లెటూరి తెలుగు బిడ్డకు అది ఇంటిభాష కాదు. రాయప్రోలు సుబ్బారావువంటి కవి ఇక్కడ తెలుగు ఆచార్యులుగా పనిచేసిన మాట నిజమే, అయినా తెలుగులో రసాయనశాస్త్రం చెప్పిన తరగతిగది ఒక్కటీ లేదు. 1938లో వందేమాతరం పాడినందుకు వందలాది విద్యార్థులను వెళ్ళగొట్టారు. వారిలో చాలామందికి నాగపూర్ విశ్వవిద్యాలయం ఆశ్రయమిచ్చింది, పి.వి. నరసింహారావు వారిలో ఒకరు. ఇదీ మన ప్రాంగణ చరిత్రే. దీనిని దాచి తొలి భాగం మాత్రమే చెప్పేవారు, తొలి భాగం దాచి దీనిని మాత్రమే చెప్పేవారు, ఇద్దరూ కాగితం చూడనివారేనని మా అనుభవం. మన పూర్వులను పొగిడినా, నిందించినా, అది చదివి చేయాలి. 1948 తరువాత బోధన ఇంగ్లీషులోకి మారింది. మూడు దశాబ్దాలపాటు వైద్యం, ఇంజనీరింగు సైతం బోధించిన భాష రెండు తరాల్లో ఇంట్లో ఎవరికీ చదవరాని గీతలయింది.

అయితే అన్నీ ఆగిపోలేదు. 1888లో స్థాపితమైన దాయిరతుల్ మఆరిఫ్ ఈ ప్రాంగణంలోనే ఉంది. ప్రపంచంలో ఎక్కడెక్కడో ఉన్న అరబ్బీ రాతప్రతులను పోల్చి, పరిష్కరించి అచ్చువేసే సంస్థ అది. అల్ బిరూనీ ఖగోళ గ్రంథం ఖానూన్ అల్ మస్ఊదీని 1954-56 మధ్య ప్రకటించింది ఈ సంస్థే. ప్రాంగణం పక్క వీధుల్లో నివసించేవారిలో ఎందరికి ఈ సంగతి తెలుసునో!

మన ఆడబిడ్డలకు చెప్పవలసినది మరొకటి. ఈ విద్యానగరం వెలసిన అడిక్‌మెట్ నేల ఒకప్పుడు మహలఖాబాయి చందా జాగీరు. ఆమె 1768లో పుట్టి 1824లో మరణించిన ఉర్దూ కవయిత్రి, నిజాం దర్బారులో గౌరవం పొందిన విదుషి. ఆమె పేరుతో పిలిచే మెట్లబావి పక్కనే ఉన్న ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం ఆవరణలో ఉంది. ఆమె సమాధి మౌలాలి గుట్ట పాదాన ఉంది. ఒక సెలవుదినం రెండూ చూసి రావచ్చు.

ఇక, మమ్మల్ని పిలిచిన అసలు పని. మీ ఇళ్ళలోని కాగితాలు.

ఇనాం భూములకు, వక్ఫులకు సంబంధించిన ముంతఖబ్‌లు, సనదులు, కబాలాలు, నికాహ్ సియాహాలు చాలా ఇళ్ళలో ట్రంకుపెట్టెల అడుగున ఉన్నాయి. 2025 నాటి వక్ఫ్ సవరణ చట్టం తరువాత వక్ఫ్ ఆస్తుల వివరాలు, పత్రాలు ఉమీద్ పోర్టల్‌లో నమోదు కావలసి వచ్చింది. అంతవరకు పెట్టె తెరవనివారు హడావుడిగా తెరిచారు. తెరిచిన తరువాత చదివేవారు లేరు. మేము చూసిన పొరపాట్లలో పెద్దది తేదీది. హైదరాబాదు రాజ్యపు దస్తావేజులపై ఉన్న సంవత్సరం చాలావరకు ఫస్లీ, హిజ్రీ కాదు. రెండూ అంకెల్లో దగ్గరగా కనిపిస్తాయి. 1350 హిజ్రీ అంటే 1931-32. 1350 ఫస్లీ అంటే 1940-41. మధ్య తేడా తొమ్మిదేళ్ళు! తెలుగు అనువాదంలో ఆ తొమ్మిదేళ్ళు తప్పితే, ఎదుటి పక్షం వకీలు పత్రమే కల్పితమంటాడు. హైదరాబాదు ఫస్లీ సంవత్సరం అక్టోబరులో ఆజుర్ మాసంతో మొదలవుతుంది. ఫస్లీకి 590 కలిపితే అది మొదలైన క్రీస్తుశకం వస్తుంది. మాసం పేరు ఆజుర్, దై, బహమన్ అని ఉంటే ఫస్లీ. ముహర్రం, సఫర్ అని ఉంటే హిజ్రీ. ఈ ఒక్క సంగతి ఇంటికి తీసుకువెళ్ళినా మా రాక సార్థకం.

పాత కాగితానికి లామినేషన్ చేయించకండి. ఆ వేడి, ఆ జిగురు కాగితాన్ని చంపుతాయి, మళ్ళీ విడదీయడం కుదరదు. సెల్లోటేపు అంటించకండి, పిన్నులు తీసివేయండి. ఉతికిన నూలుగుడ్డలో, మడతలు విప్పి, తడి తగలనిచోట పరచి ఉంచండి. రెండువైపులా ఫోన్‌తో ఫోటో తీయండి. వెనుక ఖాళీగా ఉందనుకునే వైపే తరచు ముద్ర ఉంటుంది. ఆ కాగితం ఎవరిది, ఎవరి ద్వారా వచ్చింది అన్నది ఇంట్లోని పెద్దవారిని అడిగి వేరే చీటీపై వ్రాయండి. అసలు పత్రం ఎవరికీ ఇవ్వకండి, మాకు కూడా. చదివించుకుని ఇంటికి తీసుకువెళ్ళండి. పాత దివానీ దఫ్తరు వారసత్వంగా వచ్చిన రాష్ట్ర ఆర్కైవ్స్ తార్నాకలో ఉంది. మీ పత్రానికి జోడు అక్కడ దొరికే అవకాశం ఉంది గనుక అక్కడ కూడా విచారించండి.

తమ లిపిని, భాషను, సంస్కృతిని కాపాడుకునే హక్కు రాజ్యాంగపు 29వ అధికరణం ఇచ్చింది. తెలంగాణలో ఉర్దూ రెండవ అధికార భాష. హక్కు ఉన్నది, చదివేవారు కావాలి. ప్రతి మొహల్లా నుంచి ఇద్దరేసి యువతీయువకులు వస్తే పాత షికస్తా దస్తూరీ చదవడం నేర్పడానికి మేము సిద్ధంగా ఉన్నాము. ఉర్దూ అక్షరాలు వస్తే చాలు, మిగిలినది ఓపిక.

నోటుపుస్తకం తెచ్చిన అబ్బాయి ఇప్పుడు శనివారాలు వస్తున్నాడు. పదకొండో పేజీ వరకు చదివాడు. అక్కడ తాతగారు ఒక సమీకరణం తప్పుగా వ్రాసి కొట్టివేశారట. దిద్దిన దానిలోనూ తప్పే ఉందని మొన్న నవ్వుతూ చూపించాడు.