రాగి రేకుల సాక్ష్యం
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

నేను ఇంజనీరును, చరిత్రకారుణ్ణి కాను. అయినా లెక్క చూసే అలవాటుతో ఒక విషయం మీ ముందు పెడతాను. దక్షిణ భారతానికి క్రైస్తవం ఎప్పుడు వచ్చిందంటే మనలో రెండు మాటలు వినిపిస్తాయి. "తెల్లవాళ్ళతో వచ్చింది" అనేది ఒకటి. "యేసు శిష్యుడే స్వయంగా తెచ్చాడు" అనేది రెండోది. ఈ వాదన మీద ఒకే బెంచీలో కూర్చుని చదివినవాళ్ళు కూడా మాట్లాడుకోవడం మానేస్తున్నారు. అందుకే దీన్ని ఎంచుకున్నాను.

మొదటి మాట మన ప్రాంతంలో ఎందుకు పుట్టిందో ఊహించవచ్చు. లండన్ మిషనరీ సొసైటీ వాళ్ళు విశాఖపట్నంలో 1805లో పని మొదలుపెట్టారు. అప్పటికే అక్కడ కంపెనీ పాలన ఉంది. ఆ తర్వాత మిషన్ బడులు, ఆసుపత్రులు వచ్చాయి. మన తాతముత్తాతలు చూసింది అదే. కానీ మలబారు తీరం కథ వేరు.

కేరళ క్రైస్తవుల సంప్రదాయం ప్రకారం అపొస్తలుడైన తోమా క్రీ.శ. 52లో ముజిరిస్ రేవులో, అంటే నేటి కొడుంగల్లూరు ప్రాంతంలో దిగాడు. ఇది సాధ్యమా? సాధ్యమే. మిరియాల కోసం రోమన్ ఓడలు ఆ రోజుల్లోనే వచ్చేవి. ఎర్రసముద్రపు ముఖద్వారం దగ్గరి రేవు నుంచి అనుకూలమైన గాలిలో ముజిరిస్‌కు 40 రోజుల ప్రయాణమని రోమన్ రచయిత ప్లినీ రాశాడు. అయితే సాధ్యం కావడం వేరు, జరిగిందని రుజువు కావడం వేరు. డ్రాయింగు ఉన్నంత మాత్రాన వంతెన కట్టినట్టు కాదు కదా! ఆ కాలపు శాసనమేదీ దొరకలేదు. కాబట్టి దాన్ని నమ్మకంగా గౌరవిద్దాం.

మరి రుజువులు? ఆరో శతాబ్దంలో అలెగ్జాండ్రియా వర్తకుడు కాస్మాస్, మిరియాలు పండే 'మలే' దేశంలో క్రైస్తవులున్నారని రాశాడు. చెన్నై సెయింట్ థామస్ మౌంట్ మీద 1547లో పోర్చుగీసువారికి ఒక పాత రాతి శిలువ దొరికింది. దాని మీద ఉన్నది పహ్లవీ, అంటే పాత పారశీక లిపి. కొట్టాయం వలియపళ్ళిలోనూ అలాంటి శిలువలున్నాయి.

అన్నిటికన్నా గట్టి సాక్ష్యం కొల్లం రాగి రేకులు. వేణాడు పాలకుడు అయ్యన్ అడిగళ్, మార్ సాపీర్ ఈశో కట్టించిన చర్చికి 849లో ఇచ్చిన దానపత్రమది. భూమి, పన్ను మినహాయింపులతో పాటు తూనికలు, కొలతల బాధ్యత కూడా చర్చికే అప్పగించారు. రేవు పట్టణంలో త్రాసు ఎవరి చేతికిస్తారు? నమ్మకస్తుడి చేతికే ఇస్తారు. చివర్లో సాక్షుల సంతకాలు అరబ్బీ, పహ్లవీ, హీబ్రూ లిపుల్లో ఉన్నాయి. చర్చికి స్థానిక పాలకుడు దానమిస్తే ముస్లింలు, పారశీకులు, యూదులు సాక్షులుగా నిలిచారు!

అలాగని అదంతా రామరాజ్యం అనుకోనక్కర్లేదు. కొన్ని వృత్తి కుటుంబాలను కూడా అదే పత్రంలో చర్చికి రాసిచ్చారు. ఆ మనుషుల ఇష్టాయిష్టాలు ఏ రేకు మీదా లేవు. ఇదీ చరిత్రలో భాగమే.

వాస్కో డ గామా వచ్చింది 1498లో. అంటే ఈ దానపత్రానికి సుమారు 650 ఏళ్ళ తర్వాత. పోర్చుగీసువారికి ఇక్కడి క్రైస్తవుల పద్ధతులు నచ్చలేదు. 1599లో ఉదయంపేరూరులో సభ పెట్టి వాటిని మార్చబోయారు, సిరియాక్ గ్రంథాలను తప్పులతడకలని తగలబెట్టించారు. దానికి జవాబుగా 1653లో మట్టాంచేరి దగ్గర ఆ క్రైస్తవులు శిలువ సాక్షిగా తిరుగుబాటు ప్రమాణం చేశారు. తెల్లవాళ్ళు తెచ్చిన మతమే అయితే తెల్లవాళ్ళతో ఈ గొడవ ఎందుకొచ్చేది?

కాబట్టి రెండు మాటలనూ కాస్త దిద్దుకోవాలి. రుజువున్నంత మేరకు చూస్తే, క్రైస్తవం ఇక్కడికి ముందు వచ్చింది సైన్యాలతో కాదు, పశ్చిమాసియా వర్తకుల ఓడలతో. అది ఇక్కడ నిలిచింది ఇరుగుపొరుగు చోటివ్వడం వల్ల.

ఆ రేకులు నేడు కొట్టాయం, తిరువల్లలోని రెండు చర్చి కేంద్రాల్లో భద్రంగా ఉన్నాయి. చరిత్ర చెప్పే మాస్టార్లకు నా మనవి ఒకటే. తొమ్మిదో తరగతి పిల్లలకు వాటి ఫొటో చూపించి, సంతకాలు ఎన్ని లిపుల్లో ఉన్నాయో లెక్కపెట్టమనండి. మిగతాది పిల్లలే అడుగుతారు.