అల్యూమినా కర్మాగారములలో ద్రవశుద్ధి

గుంటూరు నుండి పెదకూరపాడు, సత్తెనపల్లి మీదుగా పోవు రైలుమార్గమున పిడుగురాళ్ళ చేరుసరికి సున్నపు బట్టీలు కానవచ్చును. ఆ సున్నమునకు గోడలను తెల్లబఱచుటయే కాక వేఱొక పనియు కలదు. మన వంటయింటి అల్యూమినియపు గిన్నె పుట్టుకలో సున్నమునకు పాలు కలదన్నచో పెదకూరపాటి గృహిణులకు వింతగా తోచవచ్చును.

అల్యూమినియమునకు మూలము బాక్సైటు అను ఎఱ్ఱని ఖనిజము. విశాఖ మన్యమునుండి కోరాపుట్టు వఱకు తూర్పుకనుమల శిఖరములపై ఇది పఱచుకొని యున్నది. 1981లో ఏర్పడిన నాల్కో సంస్థ పంచపట్‌మలి కొండ ఖనిజమును దామన్‌జోడిలో శుద్ధిచేసి అల్యూమినా అను తెల్లని పొడిగా మార్చుచున్నది. విదేశములకు పోవు పొడి విశాఖపట్టణపు రేవున ఓడ కెక్కును. ఈ పద్ధతిని కార్ల్ యోసెఫ్ బాయర్ అను ఆస్ట్రియా రసాయనికుడు సెయింట్ పీటర్స్‌బర్గులో నుండి 1887-92 నడుమ రూపొందించెను. ఆతనికి మొదట కావలసినది లోహము కాదు, నూలుబట్టపై రంగు నిలుపు అల్యూమినా. మన కలంకారీవారు పటికతో సాధించునదియు అదియే గదా!

ఖనిజమును నూఱి వేడి కాస్టిక్ సోడా ద్రవములో ఉడికింతురు. అల్యూమినా కరగును, ఇనుము మున్నగునవి ఎఱ్ఱబురదయై మిగులును. తేర్చిన ద్రవమును చల్లార్చి, పాలకు తోడువేసినట్లు వెనుకటి స్ఫటికములను కొన్ని వేసినచో తెల్లని హైడ్రేటు పేరుకొనును. మిగిలిన సోడాద్రవమును పాఱబోయరు. మరల ఖనిజమును ఉడికించుటకే వాడుదురు. చిక్కంతయు ఇచ్చటనే కలదు.

కొండపై కుళ్ళిన ఆకులు, వేళ్ళు ఖనిజములో కలసి యుండును. అందలి సేంద్రియ కర్బనము సాధారణముగా నూటికి 0.1 నుండి 0.3 వంతులు. అయినను త్రిప్పి త్రిప్పి వాడు ద్రవములో అది పేరుకొనుచునే యుండును. ద్రవము కాఫీ కషాయపు రంగునకు దిగును, నురుగు కట్టును. సేంద్రియము విఱిగి విఱిగి తుదకు సోడియం ఆక్సలేటుగను, కార్బొనేటుగను మాఱును. ఆక్సలేటు సన్నని సూదులై హైడ్రేటుతో పాటు దిగి, గింజ ఎదుగకుండ చేయును. పొడి నలుసగును, దిగుబడి తగ్గును, వెలగల సోడా వ్యర్థముగా చిక్కుపడును.

దామన్‌జోడి ఖనిజము సులువుగ కరగు జాతిది. నీరు మరుగు వేడికి కొంచెము మించిన వేడిమి చాలును. వేడి తగ్గినకొలది సేంద్రియమును తక్కువగ కరగును. అదృష్టమే, కాని పూర్తి రక్షణ కాదు. గనిలోనే పైమన్నును శ్రద్ధగ తొలగించుట అన్నిటికంటె చవుకయని మా అభిప్రాయము.

ద్రవములో చేరినదానికి మందులు పలు విధములు. సున్నము కార్బొనేటును మరల సోడాగ మార్చును; ఆక్సలేటును కాల్షియముతో బంధించి అడుగునకు దింపును. అయితే తాంబూలమున వలెనే ఇందును పాళము తప్పరాదు. సున్నము మితిమీఱినచో అల్యూమినాయే దానితో కలసి బురదపాలగును. కావుననే గాఢద్రవములో గాక, పలుచని కడుగునీళ్ళలో ఈ పని చేయుట మేలు. ద్రవమును ఇగిర్చి ఆక్సలేటును స్ఫటికములుగా వేఱుచేయుట మఱియొక దారి. ఎక్కువ పీడనమున ప్రాణవాయువు నెక్కించి సేంద్రియమును దహింపజేయుటయు కలదు.

అన్నిటిలో బలమైనది ద్రవమును ఎండించి కొలిమిలో కాల్చుట. సేంద్రియము బూడిదయైపోగా సోడా, అల్యూమినా తిరిగి దక్కును. కాని పొగ మాట యేమి? పశ్చిమ ఆస్ట్రేలియాలోని వాగెరప్‌లో 1996లో ఇట్టి కొలిమిని నెలకొల్పిన పిమ్మట, కంపును మంటను భరింపలేకున్నామని చుట్టుప్రక్కల జనులు మొఱపెట్టిరి. ద్రవము శుద్ధియై గాలి చెడినచో లాభ మెవరికి? ఆ లెక్క కర్మాగారపు పద్దులలో కానరాదు.

ఆ దేశముననే సూక్ష్మజీవులచే ఆక్సలేటును తినిపించు పద్ధతియు నడచుచున్నది. అయితే గాఢమైన సోడాలో అవి బ్రతుకజాలవు. ఆక్సలేటును ముందుగ వేఱుచేసి, నీటిలో పలుచన చేసి, వాటికి ఓర్చుకొనదగిన తొట్టిలో అందింపవలసి యుండును.