నూనె పోస్తే వెన్న తగ్గింది

పాడి గురించి నాలుగు మాటలు చెప్తాం. అందులో మా తప్పు కూడా ఉంది.

మా సంఘంలో ఐదుగురం అప్పు తీసుకుని సంకరజాతి ఆవుల్ని కొన్నాం. ఈనిన కొత్తలో పాలు బాగానే ఇచ్చాయి. వెన్నశాతం ఇంకొంచెం పెరిగితే కిస్తీ సుళువుగా కట్టొచ్చని, పూటకో గ్లాసు వంటనూనె దాణాలో కలిపాం. నూనె పోస్తే వెన్న రాదా అనుకున్నాం! పది రోజులకు 4 పైన ఉండే వెన్న 3 దగ్గరికి దిగింది. పేడ పలచబడింది. మేం మాత్రం పాలకేంద్రంలో మిషన్ని అనుమానించి, పాలు పోయించుకునే అబ్బాయితో గొడవ పెట్టుకున్నాం.

తర్వాత పశువుల డాక్టరుగారు వచ్చి గాడిలో నూనె వాసన చూసి నవ్వారు. ఆవు పెద్దపొట్టలో కోట్లకొద్దీ సూక్ష్మజీవులుంటాయట. గడ్డిలో పీచును అవి పులియబెట్టి పుల్లటి ఆమ్లంగా మారుస్తాయి. పాలలోని వెన్నలో దాదాపు సగం పొదుగు దాన్నుంచే తయారుచేసుకుంటుంది. నూనె ఎక్కువైతే ఆ జీవులు దెబ్బతింటాయి, పీచు అరగదు. పైగా నూనె పొట్టలో మారేటప్పుడు పుట్టే ఒకరకం కొవ్వు పొదుగుకు చేరి వెన్న తయారీనే తగ్గిస్తుంది. డబ్బు పెట్టి కొన్న నూనే మన వెన్న తీసేసింది.

కొవ్వు అసలు వద్దని కాదు. ఈనిన కొత్తలో ఆవు ఒళ్లు కరుగుతుంది, బలం కావాలి. పత్తిగింజల్లో నూనె గింజ లోపల ఉంటుంది కాబట్టి మెల్లగా దిగుతుంది. దూడలకు మాత్రం ఇవి పెట్టకండి. బైపాస్ ఫ్యాట్ అనే పొడి కూడా దొరుకుతుంది. అది పెద్దపొట్టలో కరగకుండా పేగుల్లోకి పోయి అరుగుతుంది. రోజుకు 100 నుంచి 200 గ్రాములు చాలు. ధర ఎక్కువే, వట్టిపోయే ఆవుకు పెట్టడం దండగ.

తవుడు దగ్గర జాగ్రత్త. మిల్లులో పట్టిన పచ్చి తవుడులో కిలోకి 150 గ్రాముల దాకా నూనె ఉంటుంది. మూడు కిలోలు పెడితే అరకిలోకు దగ్గరగా నూనె పోసినట్టే. ఈ లెక్క మాకు అప్పటిదాకా తెలీదు. నూనె తీసిన తవుడుతో ఈ బెంగ లేదు. నీరు పోను మేత బరువులో కొవ్వు నూటికి 6 పాళ్లు దాటకుండా చూడమన్నారు. దాటితే పాలలో మాంసకృత్తులూ కాస్త తగ్గుతాయి, అంటే ఎస్.ఎన్.ఎఫ్. మీదా దెబ్బే.

నూనె మానేసి, దాణాకు ముందు ఎండుగడ్డి వేయడం మొదలుపెట్టాం. మూడు వారాలు పట్టింది. ఆ నెల కిస్తీ పొదుపులోంచి కట్టాం. కేంద్రానికి ఐదుగురమూ వెళ్లి, తప్పైపోయింది బాబూ అన్నాం. ఆ అబ్బాయి ఏమీ అనకుండా చీటీ చేతికిచ్చాడు. 4.1 ఉంది.