పాట నేరం చేయిస్తుందా?

(డిసెంబరు 17, పెన్షనర్ల దినోత్సవ సభలో మన సంఘ సభ్యులైన ఒక విశ్రాంత కోర్టు ఉద్యోగి చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు మనకు పండుగ రోజు. 1982లో ఇదే తేదీన సుప్రీంకోర్టు నకారా కేసులో తీర్పు ఇచ్చి, పెన్షను అన్నది ప్రభుత్వం దయతలచి విదిలించేది కాదని, ఉద్యోగి తన సేవతో సంపాదించుకున్న హక్కు అని చెప్పింది. జిల్లా కోర్టులో గుమాస్తాగా చేరి, ముప్పై నాలుగేళ్ల తర్వాత శిరస్తాదారుగా రిటైరైన వాణ్ణి కనుక తీర్పుల ఊసెత్తకుండా నోరు తెరవలేను. క్షమించాలి.

కార్యదర్శి గారు నన్ను 'సంగీతం - సమాజం' అనే విషయం మీద మాట్లాడమన్నారు. అసలు సంగతి మీ అందరికీ తెలుసు. మొన్నటి వినాయక నిమజ్జనం నాడు మన కాలనీ మలుపులో డీజే బండి ముందు కుర్రాళ్లు కొట్టుకున్నారు. ఒకడి తల పగిలి పద్దెనిమిది కుట్లు పడ్డాయి. ఇంకొకడు, మనలో ఒకరి మనవడే, రిమాండుకు వెళ్లి వచ్చాడు. ఆ తర్వాత కార్యవర్గంలో ఒక తీర్మానం పెట్టారు. కత్తులు, నెత్తురు అంటూ సాగే సినిమా పాటల వల్లనే యువకులు నేరాలకు దిగుతున్నారు గనుక ప్రభుత్వం వాటిని నిషేధించాలని. ఈ సభ చివర అది మీ ముందుకు వస్తుంది. చెయ్యి ఎత్తే ముందు నా నాలుగు మాటలు వినమని ప్రార్థన.

నేను డీజేకు వకాల్తా పుచ్చుకుని రాలేదు. నేను ఘంటసాల వారి భక్తుణ్ణి. ఆ రోజు చెవి మిషను తీసి జేబులో పెట్టుకున్నా కిటికీ అద్దాలు అదురుతూనే ఉన్నాయి. బి.పి. మాత్ర రెండోది వేసుకున్నాను. అయినా ఒకరి మీద నేరం మోపేటప్పుడు సాక్ష్యం చూడాలి కదా. పాట అయినా సరే, ముద్దాయి ముద్దాయే.

ముందుగా ఒప్పుకోవలసినది ఒప్పుకుంటాను. పాటకు శక్తి ఉంది. లాలిపాటకు పసివాడు నిద్రపోతాడు. నాట్లు వేసే ఆడవాళ్లకు పాట ఉంటే నడుము నొప్పి తెలియదు. గ్రీకు తత్త్వవేత్త ప్లేటో తన 'రిపబ్లిక్' గ్రంథంలో ఆదర్శ నగరానికి రెండు స్వరరీతులు చాలునన్నాడు. తక్కినవి యువకులను పాడు చేస్తాయని ఆయన భయం. అంతదూరం ఎందుకు? 'మాకొద్దీ తెల్లదొరతనము' రాసి పాడినందుకు గరిమెళ్ల సత్యనారాయణ గారిని 1922లో జైలుకు పంపారు. శక్తి లేని పాటకు సర్కారు భయపడదు.

కాబట్టి పాటకు శక్తి ఉందా లేదా అన్నది కాదు ప్రశ్న. మంచివాడి చేతికి కత్తి ఇచ్చేటంత శక్తి ఉందా అన్నది ప్రశ్న.

దీని మీద శాస్త్రజ్ఞులు ప్రయోగాలు చేశారు. 2003లో అమెరికాలో ప్రచురితమైన ఒక పరిశోధనలో ఐదు వందల మందికి పైగా కళాశాల విద్యార్థులకు హింసతో కూడిన పాటలు, హింస లేని పాటలు వినిపించి చూశారు. హింసాత్మకమైన పాటలు విన్నవారిలో ఆ కాసేపు కోపపు ఆలోచనలు, శత్రుభావం పెరిగాయని తేలింది. తీర్మానం ప్రతిపాదించిన పెద్దలకు ఇది బలమైన సాక్ష్యమే, నేను దాచను. అయితే అక్కడ కొలిచింది మనసులో మెదిలిన భావాన్ని. ఎవరూ ఎవరినీ కొట్టలేదు. ఆ ప్రభావం ఎక్కువసేపు నిలవకపోవచ్చునని పరిశోధకులే రాశారు. కోపం రావడానికీ, కర్ర ఎత్తడానికీ నడుమ చాలా దూరం ఉంది. ఆ దూరంలోనే మన పెంపకం, చదువు, చట్టం, స్నేహితులు అన్నీ ఉంటాయి.

ఇప్పుడు ఒక కేసు చెబుతాను. ఇది అమెరికాలోని నెవడా రాష్ట్రంలో జరిగింది. 1985 డిసెంబరు 23న ఇద్దరు యువకులు రోజంతా ఇంగ్లండుకు చెందిన 'జూడస్ ప్రీస్ట్' అనే బృందం పాటలు వింటూ, తాగుతూ, మత్తుమందు పీలుస్తూ గడిపి, చివరకు ఆత్మహత్యకు పాల్పడ్డారు. ఒకడు అక్కడికక్కడే పోయాడు. రెండోవాడు బతికి, మూడేళ్ల తర్వాత చనిపోయాడు. తల్లిదండ్రులు ఆ బృందం మీద, రికార్డు కంపెనీ మీద దావా వేశారు. 1978లో వచ్చిన రికార్డులోని ఒక పాటలో 'ఆ పని చెయ్యి' అనే అర్థం వచ్చే మాటను చెవికి ఆనకుండా దాచి పెట్టారని, అదే పిల్లలను చంపిందని వారి వాదన.

1990 వేసవిలో రీనో పట్టణంలో విచారణ జరిగింది. జూరీ లేదు, న్యాయమూర్తి ఒక్కరే. గాయకుడు రాబ్ హాల్ఫర్డ్ బోనెక్కి పాడి వినిపించాడు. పాటను వెనక్కి తిప్పి వేసి, వినదలచుకున్నవాడికి ఎలాంటి పిచ్చి మాటలైనా వినిపిస్తాయని చూపించాడు. ఆ ఏడాది ఆగస్టు 24న తీర్పు వచ్చింది. వినిపించిన ఆ శబ్దం గాయకుడి ఊపిరి, గిటారు ధ్వని యాదృచ్ఛికంగా కలిసినందువల్ల పుట్టినదేనని, ఎవరూ ఉద్దేశపూర్వకంగా పెట్టినది కాదని, అదే మరణాలకు కారణమని రుజువు కాలేదని న్యాయమూర్తి తేల్చారు. అలాగని రికార్డు కంపెనీని పూర్తిగా వదల్లేదు. అసలు టేపుల విషయంలో సహకరించనందుకు 40,000 డాలర్ల ఖర్చులు కట్టమన్నారు.

నన్ను కదిలించింది తీర్పు కాదు. విచారణలో బయటపడ్డ ఆ పిల్లల బతుకులు. ఇళ్లలో దెబ్బలు, తాగుడు, మధ్యలో ఆగిన చదువు, నిలవని ఉద్యోగాలు. ఇవన్నీ ఏళ్ల తరబడి అందరి కళ్ల ఎదుట ఉన్నవే. పాటలో దాగిన మాట కోసం టేపును వెనక్కి తిప్పి వెతికారు గాని, పైకి కనబడుతున్న కష్టాన్ని ఎవరూ సకాలంలో చదవలేదు. కడుపు కోతలో ఉన్న తల్లిదండ్రులను తప్పు పట్టడం నా ఉద్దేశం కాదు. నేరం మోయడానికి ఒక పాట దొరికితే మన గుండె ఎంత తేలికపడుతుందో చెప్పడం కోసమే ఈ మాట.

'అయితే పాట ఎప్పుడూ నిర్దోషేనా?' అని మీరు అడగవచ్చు. కాదు. ఆఫ్రికాలోని రువాండాలో 1994లో మూడు నెలల వ్యవధిలో లక్షలాది టుట్సీలను ఊచకోత కోశారు. అక్కడ సైమన్ బికిండి అనే పేరున్న గాయకుడు ఉండేవాడు. జాతి ద్వేషం నూరిపోసే రేడియో అతని పాటలు పదే పదే వేసింది. అంతర్జాతీయ క్రిమినల్ ట్రైబ్యునల్ అతణ్ణి విచారించి, ఆ పాటలు ద్వేష ప్రచారానికి ఉపయోగపడ్డాయని అంగీకరించింది. కాని 2008 డిసెంబరులో అతనికి పదిహేనేళ్ల శిక్ష పడింది పాటలు కట్టినందుకు కాదు. బండి మీద మైకు పెట్టుకుని, దారి పొడుగునా, టుట్సీలను చంపమని పిలుపునిచ్చినందుకు. చూడండి, ఎంత జాగ్రత్తగా గీత గీశారో! పాటను పాటగా, పిలుపును పిలుపుగా విడదీశారు. ఆ దేశంలో పాట ఒంటరిగా పని చేయలేదు. దాని వెనుక ప్రభుత్వం ఉంది, రేడియో ఉంది, కత్తులు పంచినవాళ్లు ఉన్నారు. మంట వెనుక ఇంత కట్టె పేర్చి ఉన్నప్పుడు పాట గాలిలా పనిచేస్తుంది. కట్టె లేని చోట గాలి వీచి వెళ్లిపోతుంది.

ఈ మాట నమ్మడానికి ఇంకో లెక్క చూడండి. అమెరికాలో 1990ల దశకమంతా తుపాకులు, ముఠాలు అంటూ సాగే ర్యాప్ పాటలు ఇంటింటా మోగాయి. వాటి వల్ల దేశం నాశనమవుతుందని పెద్దలు గోలపెట్టారు. అదే కాలంలో అక్కడి హింసాత్మక నేరాలు, లక్ష జనాభాకు, 1991లో సుమారు 758 నుంచి 2000 నాటికి సుమారు 506కు తగ్గాయి. ర్యాప్ పాటల వల్లే తగ్గాయని నేను అనడం లేదు. పాట పెరిగితే నేరం పెరగాలన్న సూత్రం అక్కడ నిలవలేదంటున్నాను, అంతే.

దీనికి రెండో వైపు కూడా ఉంది. మంచి సంగీతం వింటే మనిషి మంచివాడవుతాడని మనలో చాలామంది నమ్మకం. నాకూ అలా నమ్మాలనే ఉంది. కాని హిట్లరు అనుచరుడు హైడ్రిక్ సంగతి చూడండి. అతని తండ్రి స్వరకర్త, సంగీత పాఠశాల స్థాపించినవాడు. కొడుకు కూడా చక్కగా వయొలిన్ వాయించేవాడు. ఆ చేతులతోనే యూదుల సామూహిక సంహారానికి ఏర్పాట్లు నడిపాడు. 1942 జనవరిలో వాన్సే సమావేశానికి అధ్యక్షత వహించింది అతనే. మంచి సంగీతం అతణ్ణి ఆపలేకపోయింది. అలాంటప్పుడు చెడ్డ సంగీతమే మన మనవణ్ణి చెడగొట్టిందని ఎలా అనగలం?

నేను పనిచేసిన కోర్టులో వేలాది క్రిమినల్ ఫైళ్లు నా చేతుల మీదుగా వెళ్లాయి. గట్టు తగాదా, అప్పు, భార్య మీద అనుమానం, సారా, పాత పగ, కులం పేరుతో తిట్టు. ఇవే కారణాలు. 'ఫలానా పాట విని కొట్టాను' అని చెప్పిన ముద్దాయిని నేను చూడలేదు.

ఇక నా ఇంటి సంగతి. చెప్పడానికి సిగ్గుగానే ఉంది. 1992లో మా అబ్బాయి ఇంటర్మీడియెట్ చదివేవాడు. గది తలుపులు వేసుకుని టేపు రికార్డరులో చెవులు పగిలేలా ఇంగ్లీషు పాటలు పెట్టేవాడు. మార్కులు పడిపోయాయి. ఒకనాడు కాలేజీలో తోటివాణ్ణి కొట్టాడని కబురు వచ్చింది. నేను ఇంటికి వచ్చి క్యాసెట్లన్నీ పోగుచేసి, టేపులు లాగి, బాయిలరు పొయ్యిలో వేశాను. వాడు ఒక్క మాట అనలేదు. చూస్తూ నిలబడ్డాడు.

పదిహేనేళ్ల తర్వాత, వాడికి బిడ్డ పుట్టాక, వరండాలో కూర్చుని ఉండగా అడిగాను, 'ఆ పాటల్లో ఏముందిరా నాయనా అంతగా?' అని. వాడు నవ్వి, 'పాటల్లో ఏమీ లేదు నాన్నా. మీరూ అమ్మా పోట్లాడుకునే మాటలు వినబడకుండా పెట్టుకునేవాణ్ణి' అన్నాడు.

అప్పట్లో మా అన్నదమ్ముల పంపకాల గొడవ నడుస్తూ ఉండేది. ఆ కోపమంతా రాత్రుళ్లు మా ఆవిడ మీద చూపించేవాణ్ణి. ఆవిడ ఇప్పుడు లేదు. నేరం ఎక్కడ జరిగిందో, నేను దేన్ని పొయ్యిలో వేశానో మీరే తేల్చండి. 2015లో ఆస్ట్రేలియాలో చేసిన ఒక చిన్న పరిశోధన గురించి ఈ మధ్య చదివాను. అటువంటి గట్టి పాటలు ఇష్టపడే 39 మందికి ముందు కోపం తెప్పించి, తర్వాత వాళ్ల పాటలు వాళ్లను విననిచ్చారు. కోపం పెరగలేదు సరికదా, మనసు కుదుటపడింది. చదివి మా వాడు గుర్తుకొచ్చి కాగితం పక్కన పెట్టేశాను.

ఇప్పుడు మన తీర్మానానికి వస్తాను. నిమజ్జనం నాటి తగువు గురించి నేను రెండు కుటుంబాలనూ వెళ్లి అడిగాను. కుర్రాళ్లు పొద్దుటి నుంచి తాగి ఉన్నారు. రెండు వీధుల వాళ్ల మధ్య చందా లెక్కల తగాదా పది రోజులుగా నలుగుతూ ఉంది. పాట ఆ మంటకు గాలి విసిరి ఉండవచ్చు, కాదనను. కాని ఆ పది రోజులూ అక్కడ పెద్దవాళ్లం ఉన్నాం. ఒక్కరం పిలిచి కూర్చోబెట్టలేదు.

కాబట్టి తీర్మానాన్ని మార్చమని కోరుతున్నాను. పాటల నిషేధం మాట తీసేద్దాం. పాటలో కత్తి ఉందని నిషేధించడం మొదలుపెడితే రేపు భారతంలో యుద్ధపర్వాలు కూడా మిగలవు. దాని బదులు మూడు సంగతులు పెడదాం. మొదటిది, 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాలు ఉన్నాయి. నివాస ప్రాంతంలో పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45 మించకూడదు. రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు బయట మైకు కూడదు. పండుగలకు ప్రభుత్వం సడలింపు ఇచ్చినా అది పన్నెండు దాటదు. ఈ చట్టం అమలు చేయమని అడుగుదాం. ఏ పాట అన్నది కాదు, ఎంత మోత అన్నది చట్టం చూస్తుంది. నా బి.పి.కి కూడా అదే కావాలి. రెండోది, ఊరేగింపులో తాగినవాళ్లు ఉండకుండా రెండు వీధుల పెద్దల చేత ముందుగానే ఒప్పుకోలు తీసుకుందాం. చందా లెక్కలు నోటీసు బోర్డు మీద అంటిద్దాం. ఆడిట్ చేసి రిటైరైన వాళ్లు మనలో ఆరుగురున్నారు, వాళ్లకు చేతినిండా పని. మూడోది, మన సంఘం గది సాయంత్రాలు ఖాళీగా ఉంటోంది. ఆరు నుంచి ఎనిమిది వరకు కుర్రాళ్లకు తెరుద్దాం. క్యారమ్ బోర్డు నేను కొని ఇస్తాను. వాళ్ల పాటలు వాళ్లు పెట్టుకోనీ. మనం పక్కన కూర్చుందాం.

రిమాండు నుంచి వచ్చిన ఆ కుర్రవాడు ఇల్లు కదలడం లేదని వాళ్ల తాతగారు నాతో చెప్పి కళ్లు తుడుచుకున్నారు. ఆయన ఈ సభలోనే ఉన్నారు. అయ్యా, రేపు సాయంత్రం వాణ్ణి మొదట మీరే తీసుకురండి. చెవి మిషను పెట్టుకునే వస్తాను. వాడు ఏ పాట వింటాడో నాకూ వినాలని ఉంది.