విలియం హేస్టీ న్యాయాధిపత్యము



పదవి గొప్పదా, పదవిని విడువగల ధైర్యము గొప్పదా యను ప్రశ్నకు విలియం హేస్టీ చరిత్రమునే యుత్తరముగా మేము మీకు విన్నవించుచున్నాము.

అమెరికాలో నల్లజాతివారికి న్యాయపీఠము అందని దినములలో, 1904లో టెనెసీ రాష్ట్రమందలి నాక్స్‌విల్ నగరమున నీతడు జన్మించెను. హార్వర్డునందు న్యాయశాస్త్ర పట్టము వడసి, 1937లో వర్జిన్ దీవులకు ఫెడరల్ న్యాయాధిపతి యయ్యెను. నల్లజాతిలో నట్టి పదవి నందినవారిలో నీతడే ప్రథముడు. రెండేండ్లకే దానిని విడిచి, హోవర్డు విశ్వవిద్యాలయమున న్యాయకళాశాలాధిపతియై స్వజాతి యువకులకు న్యాయవిద్య గరపెను. పిదప యుద్ధమంత్రికి సలహాదారుగానుండి, సైన్యమందలి వర్ణభేదమును సహింపక 1943లో రాజీనామా నొసగెను.

ప్రభుత్వమును ధిక్కరించినవానికి మరల పదవి యెవ్వరిత్తురని లోకులు తలపవచ్చును. కాని అధ్యక్షుడు ట్రూమన్ ఈతనిని 1946లో వర్జిన్ దీవుల గవర్నరుగను, 1949లో మూడవ సర్క్యూటు అప్పీలు న్యాయస్థానమునకు న్యాయాధిపతిగను నియమించెను. ఆ నియామకమును సెనేటు 1950లో అంగీకరించెను. 1968 మొదలు 1971 వరకు ఈతడచ్చట ప్రధాన న్యాయాధిపతిగ నుండెను.

దాతలారా! విద్యకై మీరొసగు ద్రవ్యము ఉద్యోగములనే కాక యిట్టి నిర్భయులనుగూడ కనుగాక! యువకులారా! పదవుల నాశింపుడు, వానికై మానమును మాత్రము విక్రయింపకుడు.