పూర్వపక్షం
(ఆనందపురంలో విద్యార్థుల వాదసభకు ముందు చేసిన ప్రసంగ పాఠం)



కొద్దిసేపటిలో ఈ మంటపంలో మన బాలబాలికలు “విగ్రహార్చన శ్రేష్ఠమా, మానసపూజ శ్రేష్ఠమా” అన్న విషయంపై వాదించనున్నారు. వారు వ్రాసుకొన్న కాగితాలు చూశాను. అందరూ తమ పక్షానికి శ్లోకాలు, దృష్టాంతాలు చక్కగా సేకరించుకొన్నారు. ఎదుటి పక్షం వ్రాసుకొన్నవారు ఒక్కరూ కనిపించలేదు.

మన శాస్త్రకారుల పద్ధతి వేరు. తాము అంగీకరింపని మతాన్ని, అనగా పూర్వపక్షాన్ని, ముందుగా నిలుపుతారు. పిమ్మటనే సిద్ధాంతం. శంకరుల బ్రహ్మసూత్ర భాష్యంలో కొన్నిచోట్ల పూర్వపక్షం ఎంత బలంగా ఉంటుందంటే, అదే ఆచార్యుల మతమేమో అని కొత్త విద్యార్థి భ్రమపడతాడు.

గౌతమ మహర్షి న్యాయసూత్రాలలో తత్త్వనిర్ణయానికి చేసేది వాదం, గెలుపు కోసం చేసేది జల్పం. తనదంటూ ఏ పక్షమూ నిలపక ఎదుటివాని మాట ఖండించడం వితండ. ఓటమికి గుర్తులైన నిగ్రహస్థానాలు 22. అందులో ఒకటి అననుభాషణం. ప్రతివాది మూడుమార్లు చెప్పగా సభకు తెలిసిన మాటను తిరిగి చెప్పలేనివాడు ఓడినట్లే. మూడుమార్లు చెప్పినా సభకూ ప్రతివాదికీ తెలియనట్లు మాట్లాడినవాడూ ఓడినట్లే, అది అవిజ్ఞాతార్థం. “నాలో దోషముంటే నీలోనూ ఉన్నది” అనడం మతానుజ్ఞ. ఈ ఒక్క నియమం పాటిస్తే మన ఇళ్ళలో సగం వాదాలు మొదట్లోనే ముగిసిపోతాయి!

ఆనందపురం పూలకు పేరుపడిన ఊరు. మాల ఎంతసేపటికి వాడుతుందో మీకు నేను చెప్పనక్కరలేదు. మాధవీయ శంకరవిజయంలో శంకరులకూ మండనమిశ్రులకూ జరిగిన వాదానికి మధ్యస్థురాలు మండనుల ఇల్లాలు ఉభయభారతి. ఇద్దరి మెడలలోనూ మాలలు వేయించి, ఎవరి మాల వాడితే వారు ఓడినట్లని నిర్ణయించింది. మాలను వాడ్చేది కోపపు వేడిమి అని పెద్దలంటారు.

విద్యార్థి దశలో ఇదే విషయంపై నేను విగ్రహార్చన పక్షాన వాదించి బహుమతి పొందాను. నా ప్రతివాది సహాధ్యాయుడే, కొంచెం నత్తి. “గుడి గడప తొక్కనీయని రోజులలో మా తాతలు స్వామిని మనస్సులో కాక ఎక్కడ పూజించగలిగేవారు?” అని అడిగాడు. నాకు సమాధానం తోచలేదు. అతని నత్తిని అనుకరించాను. సభ నవ్వింది, అతడు కూర్చున్నాడు. ఆ తరువాత ఏ సభలోనూ అతడు లేచి మాట్లాడగా నేను చూడలేదు. ఆ ప్రశ్నకు నా వద్ద నేటికీ సమాధానం లేదు.

కనుక అధ్యక్షుల అనుమతితో నేడు ఒక చిన్న మార్పు. ప్రతివారూ మొదటి రెండు నిమిషాలు ఎదుటివారి పక్షమే చెప్పాలి. “అవును, నేననేది అదే” అని ఎదుటివారు ఒప్పుకొన్న పిదపనే తమ మాట మొదలుపెట్టాలి. ఒప్పుకోకపోతే మళ్ళీ చెప్పవలసిందే, మూడుమార్ల వరకు. కాగితాలు ఇక్కడ బల్లమీద పెట్టి, మొదటి జంట ముందుకు రండి.