పాత స్పోర్ట్స్ కారు స్పీడులో ఎందుకు వణుకుతుంది?

పుట్టపర్తి నుంచి వెళ్లి కొడికొండ దగ్గర హైవే 44 ఎక్కారు. పాత ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ 90 దాటగానే వణుకుతోంది. ఎవరినడిగినా "అలైన్‌మెంట్ సార్" అంటారు. తొందరపడొద్దు. సాఫ్ట్‌వేర్‌లో బగ్ వెతికినట్టే, ఒక్కసారికి ఒక్కటే మార్చి చూడాలి.

ముందు ఖాళీ రోడ్డులో, అదే స్పీడులో న్యూట్రల్ చేయండి. తాళం మాత్రం తిప్పొద్దు, స్టీరింగ్ లాక్ అవుతుంది. వణుకు అలాగే ఉందా? అయితే ఇంజన్‌ని వదిలేయండి.

ఇప్పుడు చిన్న లెక్క. 13 అంగుళాల రిమ్ము మీద టైరు చుట్టుకొలత సుమారు 1.8 మీటర్లు. గంటకు 100 కిలోమీటర్లంటే చక్రం సెకనుకు 15 సార్లు తిరుగుతుంది. ప్రొపెల్లర్ షాఫ్ట్ దానికి నాలుగింతలు. చక్రం తప్పయితే చేతికి ఊపులా తెలుస్తుంది, షాఫ్ట్‌దైతే చెవికి హోరులా వినిపిస్తుంది.

స్టీరింగ్ ఊగితే ముందు చక్రాలు, సీటు ఊగితే వెనకవి చూడండి. ముందువి వెనక్కి మార్చండి. ఊపు కూడా వెనక్కి పోతే తప్పు చక్రాలదే.

అప్పుడు టైరు పక్కన నాలుగంకెలు చదవండి. 2314 అంటే 2014లో 23వ వారం. మన అనంతపురం ఎండకి రబ్బరు ఎండిపోతుంది, లోపలి పొరలు విడిపోవచ్చు. పైన గీతలు బాగున్నా సరే, అది స్పీడులో పేలే టైరు. బ్యాలెన్సింగ్‌తో సరిపెట్టకండి, మార్చేయండి.

షాఫ్ట్‌దైతే యూనివర్సల్ జాయింట్లు చూపించండి. స్పిట్‌ఫైర్ ఛాసిస్ పుట్టింది హెరాల్డ్ నుంచే. ఆ హెరాల్డ్ మద్రాసులోనూ తయారైంది. పాత హెరాల్డ్ మెకానిక్ దొరికితే వదలకండి. ఉంటాను మరి.